రెండు నేలలు, నాలుగు చక్రాలు

ఈ మధ్య రెండు నెలలపాటు నేను శ్రద్ధగా చదివిన వాఙ్మయమంతా టైర్ల గురించినదే. కథా, కవిత్వమూ తప్ప మరో వాసన సోకని ఈ పుటల్లోకి రబ్బరు కంపు ఎక్కడినుంచి వచ్చిందని మిత్రులు ముక్కు మూసుకోవద్దని మనవి. నా దగ్గర ఒక బొలెరో ఉన్నది. దాని టైర్ల ఆయుష్షు తీరింది. కొత్తవి వేయించాలి. అంతవరకూ అది ఏ గృహస్థుకైనా మూడు నాలుగేళ్ళకొకసారి తప్పని ఖర్చే. చిక్కల్లా ఆ బండి తిరిగే నేలలు రెండు కావడం, ఆ రెంటికీ బొత్తిగా పొసగకపోవడం. ఒక నేలకు నప్పిన టైరు రెండోదానికి నప్పదు. ఎవరిని సంతోషపెట్టాలో తేలక ఆలోచిస్తూ పోగా పోగా, అది టైర్ల సంగతిగా మాత్రమే మిగలలేదు. అందుకే ఈ టపా.

మొదటి నేల తారు. గుంటూరు నుంచి విజయవాడ దాకా 16వ నంబరు జాతీయ రహదారి. రోజూ పోయి రావడం డెబ్బై కిలోమీటర్లు. ఆరు వరసల రోడ్డు, ఇటు లారీలు, అటు బస్సులు, మధ్యలో ఏ వరసా తనది కాదనుకునే ఆటోలు. మా అమ్మాయి చదివే కాలేజీ నేను పనిచేసే చోటికి దగ్గర కనుక పొద్దున్నే పక్క సీట్లో కూచుని నాతోనే వస్తుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. తండ్రి నడుపుతున్నాడు గనుక రోడ్డు సంగతి తనకు అక్కర్లేదన్న ధీమా ఆ కళ్ళు మూయడంలో ఉంటుంది.

రెండో నేల నల్లరేగడి. పల్నాడులో, సత్తెనపల్లి దాటి వెళ్ళాక, తారురోడ్డు దిగి మూడు కిలోమీటర్లు డొంకలో పోవాలి. డొంక చివర మా పొలం, పొలంలో రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో మా నాన్న. డెబ్బై ఎనిమిదేళ్ళు. అమ్మ పోయాక గుంటూరు రమ్మని ఎన్నివిధాల చెప్పినా రాలేదు. "మీ మేడమీద నాకు పొద్దెటు పొడుస్తుందో కూడా తెలియదురా" అంటాడు. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంటు వేశారు. అది వేసిన నెలకే మళ్ళీ పొలానికి పోయి కూచున్నాడు. ప్రతి ఆదివారం నేను వెళ్ళి మందులూ, కూరగాయలూ ఇచ్చి వస్తాను. కూరగాయలు ఇవ్వడం వట్టి మాట, తిరిగివచ్చేటప్పుడు ఆయన ఇచ్చినవే ఎక్కువ ఉంటాయి.

* * *

నల్లరేగడి నేల గురించి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. ఎండాకాలంలో అది చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి రాయిలాగా ఉంటుంది. అప్పుడు దానిమీద ఏ టైరైనా పోతుంది, టైరు లేకపోయినా పోవచ్చు. వాన పడిందా, ఆ నెర్రెలు నీళ్ళు తాగి ఉబ్బి మూసుకుపోతాయి. ఆ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమట్టి ఖనిజం ఉంటుంది. దాని పొరల నడుమకు నీరు చేరితే పొరలు విడివడి మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. పత్తికీ మిరపకూ ఆ నేల పసిడి. నీళ్ళు పట్టి ఉంచుకునే గుణమే దాని విలువ, ఆ గుణమే బండికి యముడు. ఎర్రనేలలో బురదైతే టైరు కాస్త జారి మళ్ళీ దొరకబుచ్చుకుంటుంది. రేగడి అలా కాదు, అంటుకుంటుంది. నాలుగడుగులు వేస్తే చెప్పు కింద మరో చెప్పు మొలుస్తుంది. టైరు గాళ్ళన్నీ మట్టితో నిండి, నాలుగు చుట్లు తిరిగేసరికి ఎంత గొప్ప టైరైనా గుండు కొట్టించుకున్నట్టు నున్నగా తయారవుతుంది. ఆపైన ఇంజనులో ఎంత బలమున్నా, ఉన్నచోటనే తిరిగి గొయ్యి తవ్వుకోవడానికే పనికొస్తుంది.

మహాభారతంలో కర్ణుడి రథచక్రం కుంగిన ఘట్టం చదివినప్పుడల్లా అందరూ శాపాల గురించి మాట్లాడతారు. మా ఊళ్ళో మాత్రం ఆ కథ పురాణం చెప్పేవాళ్ళ నోట వినగానే, "కురుక్షేత్రం కూడా మన రేగడేనేమో" అనుకునే రైతు ఒకడైనా ఉండేవాడు. దిగి చక్రం ఎత్తవలసి రావడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. పక్కనున్న మనిషి చెయ్యి వెయ్యకపోవడం ఎలా ఉంటుందో కూడా తెలుసు.

చక్రం సంగతి వచ్చింది కనుక ఒక చిన్న పిట్టకథ. ఆంగ్లంలో టైరు అనే మాట బట్టలు కట్టుకోవడమనే అర్థమున్న మరో మాటలోంచి వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. అంటే టైరు చక్రానికి కట్టిన బట్ట అన్నమాట. మన ఎడ్లబండి చక్రానికి ఆ బట్ట ఇనుముతో చేసిన పట్టా. పట్టాను ఎర్రగా కాల్చి చెక్క చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే, చల్లబడి కుంచించుకుని ఆకుల్నీ కుండనూ కలిపి బిగించేది. రబ్బరులో గాలి నింపి చక్రానికి కట్టవచ్చునని 1845లోనే థామ్సన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు గానీ, లోకం దాన్ని మరచిపోయింది. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు లేకుండా నడవాలని మళ్ళీ అదే కనిపెట్టాడు. లోకాన్ని మార్చిన ఈ వస్తువు ఒక తండ్రి కొడుకు సుఖం కోరి చేసినదని చదివినప్పుడు, టైర్ల గురించి ఇంత ఆలోచిస్తున్నందుకు నాకు కలిగిన సిగ్గు కొంత తగ్గింది.

మా నాన్న చెక్క చక్రాల బండిని మార్చి టైరుబండి చేయించుకున్న తరం మనిషి. ఎడ్లకు సగం బరువు తగ్గిందనీ, మెట్ట దారిలో బస్తాలు ఎక్కువ వెయ్యగలిగేవాళ్ళమనీ చెబుతాడు. ఆ వెంటనే ఒక మాట చేరుస్తాడు. పాత చక్రం ఎత్తు, సన్నన. వానపడ్డ కొత్తలో పైమట్టి మాత్రమే తడిసి ఉన్నప్పుడు అది కోసుకుంటూ దిగి, అడుగున గట్టి నేలను పట్టుకునేది. టైరుబండి చక్రం పొట్టి, వెడల్పు. అది తడిమట్టి మీదనే తేలి జారేది. "ఏదీ ఊరికే రాదురా, ఒకటి ఇచ్చి ఒకటి పట్టుకుపోతుంది" అని ముక్తాయింపు. నేను రెండు నెలలు చదివి తెలుసుకున్న టైరు శాస్త్రమంతా ఈ రెండు ముక్కల్లో ఉన్నదని తరవాత అర్థమయింది.

* * *

మా బొలెరో లాంటి బండ్లకు టైర్లు స్థూలంగా మూడు జాతులు. అంగళ్ళలో వాటిని హెచ్‌టీ, ఏటీ, ఎంటీ అంటారు. నేను నా సౌకర్యం కోసం రోడ్డు టైరు, ఉభయ టైరు, బురద టైరు అని పిలుచుకుంటున్నాను. (ఇంతకంటే మంచి మాటలు మీకు తట్టితే సంతోషంగా మార్చుకుంటాను.)

రోడ్డు టైరు మీద గాళ్ళు సన్నగా, టైరు చుట్టూ నిడుపుగా ఉంటాయి. రబ్బరు ఎక్కువ, సందు తక్కువ. తారు మీద నిశ్శబ్దంగా పోతుంది, బ్రేకు వేస్తే పట్టుకుంటుంది, నూనె ఖర్చు తక్కువ. రేగడిలో ఆ సన్నగాళ్ళు మొదటి చుట్టుకే పూడిపోతాయి.

బురద టైరు దీనికి తలకిందులు. పెద్ద పెద్ద దిమ్మలు, వాటి నడుమ వెడల్పయిన లోతైన సందులు. చక్రం వేగంగా తిరిగినప్పుడు సందుల్లో చేరిన మట్టి విసురుకు బయటపడిపోవాలని ఆ ఏర్పాటు. ట్రాక్టరు పెద్ద టైరుకు ఉండే ఏటవాలు కట్టెలకూ ఉద్దేశం ఇదే, మట్టిని పక్కలకు నెట్టెయ్యడం. అయితే అంత సందు ఉన్నదంటే తారును తాకే రబ్బరు అంత తగ్గిందని కదా. ఒక్కో టైరు ఏ క్షణంలోనైనా నేలను తాకేది మన అరచేతికన్నా కాస్త పెద్ద మేర మాత్రమే. మొత్తం బండి, అందులోని మనుషులు, వాళ్ళ ధీమా అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదనే ఉంటాయి. బురద టైరు ఆ అరచేతిలో సగానికి దగ్గరగా కోసేసి సందులకు ఇచ్చేస్తుంది. వాన కురిసిన తారు మీద బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకోవడానికి అదొక ముఖ్య కారణం.

ఉభయ టైరు పేరుకు తగ్గట్టే మధ్యస్థం. దిమ్మలు ఉంటాయి గానీ ఒకదానిలో ఒకటి ఇమిడి దగ్గరగా ఉంటాయి. ఆ దిమ్మలమీద బ్లేడుతో కోసినట్టు సన్నని చీలికలుంటాయి. తడి తారు మీద పట్టు పెంచేవి అవే. రోడ్డు టైరంత నిశ్శబ్దం కాదు, బురద టైరంత మొండిదీ కాదు. మైలేజీ కాస్త తగ్గుతుంది, ధర కాస్త పెరుగుతుంది.

మా చెల్లెలి భర్త దగ్గర థార్ ఉన్నది, దానికి బురద టైర్లు వేయించాడు. "బావా, ఇవి వేసుకో, చెరువులో దింపినా పైకి తెచ్చేస్తాయి" అని ఊరించాడు. అతని మాట అబద్ధం కాదు. అతని పొలం దారిలో, రెండు రోజులు ముసురుపట్టిన తరవాత కూడా, ఆ బండి మట్టి ముద్దలు ఆకాశానికి విసురుతూ పోవడం కళ్ళారా చూశాను. కానీ దానికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. నా బండికి వెనక రెంటికే. అదే బండిని నరసరావుపేట నుంచి గుంటూరు దాకా ఒకసారి వానలో నడిపాను. డెబ్బై దాటగానే లోపల ఎవరో తిరగలి విసురుతున్నట్టు హోరు. అది భరించవచ్చు. ముందు పోతున్న ట్రాలీ ఆటో ఉన్నట్టుండి ఆగినప్పుడు నేను వేసిన బ్రేకుకూ, బండి ఆగడానికీ నడుమ నాకు అలవాటులేని ఒక జాగా వచ్చింది. ఆరోజు నేను వెనకే, దూరంగానే ఉన్నాను కనుక ఏమీ కాలేదు. కానీ ఆ జాగా నా మనసులో ఉండిపోయింది. పక్కసీటు ఆరోజు ఖాళీగా ఉన్నది. అదే రహదారి మీద, కాజ టోల్‌గేటు దగ్గర పడే వానలో, ఆ సీటు ఖాళీగా ఉండదు.

* * *

పట్టికలంటే ఇష్టమున్న మనిషిని కనుక కాగితం తీసుకుని లెక్క వేశాను. తారు మీద రోజుకు డెబ్బై చొప్పున, సెలవులు పోను, సంవత్సరానికి ఇరవై వేల కిలోమీటర్లు. డొంకలో వారానికి ఆరు చొప్పున మూడువందల పన్నెండు. అందులో నిజంగా బురద ఉండే వారాలు, అటు ఆగస్టులోవీ ఇటు తుపాన్ల కాలంలోవీ కలిపి, పదనుకుంటే అరవై కిలోమీటర్లు. అంటే వెయ్యింట మూడు పాళ్ళు. ఆ మూడు పాళ్ళ కోసం తక్కిన తొమ్మిదివందల తొంభయ్యేడింటిని పాడు చేసుకోవడం ఏ అంకగణితం ఒప్పుకుంటుంది?

ఒప్పుకోదు. కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్న తరవాత కూడా నాకు నిద్ర పట్టలేదు. కిలోమీటర్లన్నీ సమానమైన బరువు గలవి కావు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, ఆ తరవాత నాలుగు రోజులపాటు మా డొంకలో ట్రాక్టరు తప్ప మరేదీ తిరగలేదు. ఆ నాలుగు రోజుల్లో నాన్నకు ఏదైనా అయి ఉంటే, నేను తారురోడ్డు అంచున నిలబడి మూడు కిలోమీటర్ల నల్లటి ముద్దను చూస్తూ ఉండవలసిందే. ఇరవై వేల కిలోమీటర్ల సుఖం ఆ మూడు కిలోమీటర్లతో తూగుతుందా? అటు చూస్తే అమ్మాయి, ఇటు చూస్తే నాన్న. టైర్ల అంగడివాడికి ఈ ప్రశ్న వేస్తే ఏ సైజు చూపిస్తాడు?

అంగడికి వెళ్ళేముందు టైరు పక్కన ఉండే రాతను చదవడం నేర్చుకున్నాను. మనలో చాలామంది ఎన్నో ఏళ్ళుగా చూస్తూ చదవని గ్రంథం అది. మా బండిది 215/75 ఆర్ 15. టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, అంటే సుమారు 161. ఆర్ అంటే రేడియల్, లోపలి తాళ్ళు ఒక అంచునుంచి మరో అంచుకు నేరుగా అడ్డంగా పోతాయని. 15 అంగుళాలు లోపలి ఇనుప చక్రం. దాని తరవాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మొయ్యగలదు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదు. మరోచోట నాలుగంకెల్లో టైరు జన్మనక్షత్రం ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం ఇరవై మూడో వారంలో పుట్టిందని అర్థం. రబ్బరు గోదాములో కదలకుండా పడి ఉన్నా ముసలిదవుతుంది, గట్టిపడుతుంది. కనుక సంబంధం కుదుర్చుకునే ముందు జాతకం చూడక తప్పదు.

వెడల్పు పెంచుకోవాలన్న ఆశ కూడా కలిగింది. చాలామంది 235/75 వేయిస్తారు, చూపుకు దిట్టంగా ఉంటుంది. లెక్క చూస్తే చక్రం ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే నూటికి నాలుగు పైచిలుకు. ముల్లు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 83 దాటి పోతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల ఎక్కడో రాచుకునే ప్రమాదముంది. పైగా నాన్న చెప్పిన పాతచక్రం సూత్రం ఉండనే ఉన్నది. ఇసుకలో వెడల్పు మేలు, తేలుతుంది. మా డొంకలో తేలడం కాదు కావలసింది, తెగి దిగడం. ఆశ వదులుకున్నాను.

అంగట్లో భాయ్ నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి. నా శాస్త్రమంతా ఓపికగా విని, "సార్, నెలలో ఎన్నిసార్లు ఇరుక్కుంటారో చెప్పండి, టైరు నేను చెబుతాను" అన్నాడు. పాత టైర్లలో ఒకదాన్ని దొర్లించుకొచ్చి బటన్ల నడుమ వేలు పెట్టి చూపించాడు. గాడి అడుగున చిన్న చిన్న గట్లున్నాయి. బటన్లు అరిగి ఆ గట్ల ఎత్తుకు వచ్చాయంటే 1.6 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలిందని, చట్టప్రకారం ఇక ఆ టైరు పనికిరాదని అర్థం. "చట్టం దాకా ఎందుకు సార్, వాన రోడ్డుకి మూడు దగ్గరే మార్చెయ్యాలి. నీళ్ళు పోవడానికి దారి లేకపోతే టైరు పడవైపోతుంది" అన్నాడు. వెనక రెంటికి ఉభయ టైర్లు, ముందు రెంటికి రోడ్డు టైర్లు వేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని అడిగాను. తల అడ్డంగా తిప్పాడు. "ముందుకాళ్ళకి చెప్పులు, వెనకకాళ్ళకి బూట్లు వేసి ఎద్దును తోలతారా? నాలుగూ ఒక్క రకం ఉండాలి. స్టెప్నీ కూడా." ఏ రకమన్నది మాత్రం నన్నే తేల్చుకుని రమ్మన్నాడు.

* * *

ఆ ఆదివారం నాన్న దగ్గర కూచున్నప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన వేపపుల్ల నములుతూ విన్నాడు.

"తారురోడ్డు మీద రోజుకు ఎంత తిరుగుతావురా?"

"డెబ్బై నాన్నా."

"పిల్ల కూడా ఉంటుందా?"

"పొద్దున ఉంటుంది."

"మరి ఇక్కడికి?"

"వారానికి ఆరు."

"అందులో వాన రోజులెన్ని?"

చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఈ ఆరింటి కోసం ఆ డెబ్బై చెడగొట్టుకుంటావా?"

"దూరం లెక్క కాదు నాన్నా. నీకేదన్నా అయితే?"

"అయితే? నువ్వు గుంటూరులో బయల్దేరి, గంటన్నర రోడ్డుమీద వచ్చి, ఈ డొంకలో దిగబడి, లేచి, మళ్ళీ పోయేదాకా అది ఆగుతుందా? నీ టైర్లు చూసి ఆగుతుందా?"

నేను బదులు చెప్పలేదు. ఆయన పక్కపొలం వైపు చెయ్యి చూపించాడు.

"ఆ అబ్బాయికి పోయిన ఏడే చెప్పి ఉంచాను. ఫోను చేస్తే ట్రాక్టరు కట్టుకొస్తాడు. ట్రక్కులో గడ్డి పరిచి నన్ను పడుకోబెట్టి తారురోడ్డు ఎక్కిస్తాడు. డబ్బులొద్దన్నాడు, నేనే ఏటా ఒక బస్తా మిరపకాయలిస్తానని ఒప్పించాను. రోడ్డు దాకా నా సంగతి నేను చూసుకుంటా. రోడ్డుమీద సంగతి నువ్వు చూసుకో."

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్నకు ఆయన ఏడాది క్రితమే సమాధానం ఏర్పాటు చేసుకుని, ఆ మాట నాకు చెప్పవలసిన అవసరం కూడా లేదనుకున్నాడు. కోపం వచ్చింది, ఉపశమనం కలిగింది. నేను కొనదలచుకున్నది టైర్లా, లేక దూరంగా ఉంటున్నందుకు నాకు నేను రాసి ఇచ్చుకోదలచిన హామీపత్రమా అన్న అనుమానం కూడా అప్పుడే కలిగింది. నాలుగు బురద టైర్లు వేయించుకుని ఇంటిముందు బండి నిలుపుకుంటే, నాన్న ఒంటరిగా ఉన్నాడన్న బాధ కొంత చల్లారేదేమో. కానీ ఆ చల్లదనానికి ఖరీదు కట్టేది పక్కసీట్లో కళ్ళు మూసుకున్న పిల్ల.

పాత కొలతలోనే ఉభయ టైర్లు ఐదు తీసుకున్నాను. రోడ్డు టైర్లే ఎందుకు తీసుకోలేదంటే, ఆదివారాలు ఉన్నాయి. చిరుజల్లు పడ్డ డొంక, చేలగట్ల మీద పలకలుగా తేలిన సున్నపురాళ్ళు, ఇవి మా దారిలో సామాన్యం. టైరు నడిమి భాగంలో మేకు దిగితే పంచరు వేసుకోవచ్చు. పక్కగోడ రాతికి తెగితే ఇక ఆ టైరు పారెయ్యవలసిందే. కనుక పక్కగోడ దిట్టంగా ఉన్న రకం అడిగి తీసుకున్నాను. అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ అక్కడే చేయించాను.

గాలి సంగతి కూడా నేర్చుకున్నాను. నా దృష్టిలో టైరు ఎంపికలో సగం ఎంపిక గాలిదే. తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉన్న అంకె తారు కోసం. మెత్తటి నేలలో దిగేముందు గాలి కొంత తీసేస్తే టైరు తాకే మేర నిడుపవుతుంది, పట్టు పెరుగుతుంది. ఇరవైకి కాస్త అటూ ఇటూగా నేను ఆపేస్తాను. మరీ తగ్గిస్తే ట్యూబులేని టైరు చక్రం అంచునుంచి ఊడివచ్చే ప్రమాదం. మళ్ళీ తారు ఎక్కగానే గాలి నింపాలి, లేకపోతే పక్కగోడలు వంగి వంగి వేడెక్కి చెడిపోతాయి. అందుకని సిగరెట్టు లైటరు గూట్లో పెట్టుకునే చిన్న గాలి పంపు, ఒక కొలత గొట్టం, ఒక పార, రెండు గోనెసంచులు, ఒక మోకు బండిలో చేరాయి. వీటన్నిటి ఖరీదూ కలిపినా ఒక్క టైరు ఖరీదు కాలేదు. బురదలో అవి చేసే మేలు మాత్రం టైరు జాతి మార్చినంత.

* * *

ఈ వానాకాలంలో డొంక నిజంగా బురదగా ఉన్నప్పుడు మూడుసార్లు దిగాను. రెండుసార్లు బండి జారుతూ, అడ్డం తిరుగుతూ, ఎలాగో ఇంటిదాకా చేరింది. మూడోసారి సగం దూరంలోనే గాళ్ళన్నీ పూడిపోయే లక్షణాలు కనిపించగానే వెనక్కి తీసి రోడ్డుమీద పెట్టి, చెప్పులు చేతపట్టుకుని నడిచాను. మూడు కిలోమీటర్లు. నాన్న గుమ్మంలో నిలబడి నవ్వాడు.

అక్టోబరులో ఒక రాత్రి పదకొండింటికి ఫోను వచ్చింది. ఛాతీ బరువుగా ఉన్నదని, ట్రాక్టరు ఎక్కుతున్నానని, రోడ్డు దగ్గరకు రమ్మని. గొంతు మామూలుగానే ఉన్నది. బయట జోరువాన. నేను వెళ్ళేసరికి ట్రాక్టరు దీపాలు వేసుకుని తారు అంచున నిలబడి ఉన్నది. ట్రక్కులో టార్పాలిను కింద, గడ్డి మీద, నాన్న ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కూచుని ఉన్నాడు. ఆ అబ్బాయీ నేనూ ఆయన్ని ఎత్తి వెనకసీటులో పడుకోబెట్టాం. అక్కడినుంచి గుంటూరు దాకా గంటకు పైగా నడిపాను. వాన తగ్గలేదు. ఊళ్ళ దగ్గర రోడ్డుమీద నీళ్ళు నిలిచాయి. ఒకచోట దీపాల్లేని లారీ, మరోచోట అడ్డంగా గేదెలు. గేదెల దగ్గర బ్రేకు గట్టిగా తొక్కవలసి వచ్చింది. బండి నిటారుగా, తొణకకుండా, ఆగవలసినచోట ఆగింది. వెనకనుంచి నాన్న, "నిమ్మళంగా పోరా" అన్నాడు.

ఆసుపత్రిలో మూడు రోజులు ఉంచి, మందులు మార్చి పంపించారు. మా ఇంట్లో వారం రోజులున్నాడు. ఎనిమిదో రోజు పొద్దున్నే సంచి సర్దుకుని గుమ్మంలో కూచున్నాడు. తీసుకువెళ్ళి దింపి వచ్చాను. డొంక ఎండింది.

ఆ రాత్రి నా బండి డొంకలో ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. టైర్లు చేసిన పనంతా తడి తారు మీదనే చేశాయి. బురద టైర్లయితే ఏమయ్యేదని మా బావ అడిగాడు. ఏమీ అయ్యేది కాదేమో. గేదెలు తప్పుకునేవేమో. దానికి నా దగ్గర జవాబు లేదు, జవాబు వెతకాలనీ లేదు. ఏ నేల భారం ఎవరు మొయ్యాలో మా నాన్న ముందే పంచి పెట్టాడు. నా వాటాకు వచ్చింది తారు. దానికి తగ్గట్టు కొన్నాను.

ఇప్పటికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగాయి. నెలకొకసారి బటన్ల లోతు కొలిచి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాను. పదివేలకు ముందువి వెనక్కీ, వెనకవి ముందుకూ మార్చాలని భాయ్ చెప్పాడు. ఇలా రెండు నేలల మీద బతుకుతున్న బండ్లు మీలో ఎవరికైనా ఉంటే, ఏ టైర్లు వేశారో, ఏ లెక్క వేసుకుని వేశారో రాయండి. మైలేజీ అంకెలకంటే ఆ లెక్క తెలుసుకోవాలని నాకు ఎక్కువ కుతూహలం.